అమ్మో మలుపులో రెండు లీటర్ల బండి

మా పెళ్ళైన నలభై మూడో రోజున ఏనుగు పోయింది.

ఏనుగంటే మా బండి. మూడు లీటర్ల డీజిల్ ఇంజను, వెనక సామాను తొట్టి, ఎక్కాలంటే మోకాలు గడ్డానికి తగిలేంత ఎత్తు. కొండమీది ఇళ్ళకు సోలార్ పలకలు, బ్యాటరీలు మోసుకెళ్ళి బిగించడం మా ఆయన పని. ఆ బండిని బతికించి ఉంచడం మా మామయ్య పని. ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. నలభై ఏళ్ళుగా ఇంజన్లతోనే కాపురం.

ఆ ఉదయం మామయ్య ఏనుగును స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు చాలాసేపు విన్నారు. ఇంజను దిమ్మలో పగులు. తాళంచెవి తీసేసి లోపలికి వచ్చి, వరసగా రెండు కప్పుల టీ తాగారు.

"రెండో కప్పు కూడా తాగారంటే ఇక ఆశ లేదన్నమాటే," అన్నారు అత్తయ్య నా చెవిలో.

నాకు పట్టుకున్న దిగులు వేరు. మా ఆయనను ఒక పెద్ద సోలార్ కంపెనీ ఉద్యోగానికి రమ్మని ఫోనుకు ఉత్తరం పంపి వారమైంది. రైల్లో పదహారు గంటల దూరం. చెట్టూ పుట్టా లేని మైదానంలో కనుచూపుమేరా పలకలు, వాటి పక్కన రేకు గదుల్లో బస. భార్యల్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఆరు వారాలకోసారి మూడు రోజుల సెలవు. ఏనుగు ఉన్నన్నాళ్ళూ ఆ ఉత్తరం మా ఇంట్లో ఒక జోకు. "వెళ్ళమంటావా?" అని ఆయన, "వెళ్ళిరండి, నాకూ మంచమంతా ఖాళీ అవుతుంది," అని నేను. ఇప్పుడు బండి లేకపోతే కొండపని లేదు, కొండపని లేకపోతే ఆ మైదానమే గతి. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

పెళ్ళికి ముందు ఒంటరిగా ఉండటం నాకొక లెక్క కాదు, హాస్టల్లో మూడేళ్ళు హాయిగా ఉన్నాను. ఇప్పుడు ఆయన స్నానానికి వెళ్ళి పది నిమిషాలైతే తలుపు అవతల నిలబడి, "ఏమండీ, వాన వచ్చేలా ఉందా?" లాంటి అర్థంలేని ప్రశ్నలు వేస్తున్నాను. ఆయన లోపలి నుంచి బుద్ధిగా జవాబిస్తున్నారు. మేమిద్దరం ఇలా తయారైన సమయంలో ఆరు వారాల ఎడబాటు అంటే మాటలు కాదు.

సోమవారం నాడు మా ఆయన ఒక కొత్త బండి తెచ్చారు. అమ్మేవాళ్ళు నాలుగు రోజులు నడిపి చూసుకోమని ఇచ్చారు. గురువారం సాయంత్రానికి ఉంచుకోవడమో తిరిగి ఇచ్చేయడమో తేల్చాలి. తెల్లటి బండి, నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, వెనక సీటు కూడా ఉంది. ఇంజను మాత్రం రెండు లీటర్లు. మాకు అందేవాటిలో అంతకంటే పెద్ద ఇంజనున్న కొత్త బండి లేదు.

మామయ్య బానెట్ ఎత్తి, వంగి, అటూ ఇటూ చూశారు.

"ఇంజనేదిరా?"

"మీ ఎదురుగానే ఉంది నాన్నా."

"ఇదా? నీళ్ళ మోటారేమో అనుకున్నా."

"పిట్ట కొంచెం, కూత ఘనం. టర్బో ఉంది దీనికి."

"కూత ఘనమేలే. మోత సంగతి చెప్పు."

మా ఆయన కాగితం చూపించారు. ఏనుగు కంటే ఈ బండి లాగుడు బలమే ఎక్కువని అందులో అంకెలతో సహా ఉంది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి తిరిగి ఇచ్చారు. "కాగితం మీద మా తాత కూడా పహిల్వానే," అన్నారు.

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ అంకెల్లో అబద్ధమేమీ కనిపించలేదు. కానీ ఇంట్లో నా వయసు నలభై ఐదు రోజులు. నోరు మూసుకుని కప్పులు కడిగాను. కప్పులు కడగడం కూడా ఈమధ్య నాకు ఎందుకో బాగుంటోంది, కిటికీలోంచి షెడ్డు, షెడ్డులో ఆయన కనిపిస్తారు.

పరీక్ష మంగళవారం. కొండమీది ఆరోగ్య కేంద్రంలో మందుల ఫ్రిజ్‌ను నడిపే బ్యాటరీలు ముసలివైపోయాయి. ఎనిమిది కొత్తవి పైకి చేర్చి, ఎనిమిది పాతవి కిందికి తేవాలి. ఒక్కో బ్యాటరీని ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ఎనిమిదీ ఎక్కించేసరికి కొత్త బండి వెనక భాగం బుద్ధిగా కిందికి కూర్చుంది.

స్టీరింగ్ దగ్గర మామయ్య, పక్కన మా ఆయన, వెనక సీట్లో నేను. నా అవసరం ఎవరికీ లేదు, కానీ రావద్దని కూడా ఎవరూ అనలేదు. గేరు కడ్డీ పక్కన గుండ్రటి మీట ఒకటి మెరుస్తోంది.

"ఇది దేనికి మామయ్యా? ఇంగ్లీషులో 'ఫోర్ లో' అని రాసుంది."

"బురదలో దిగబడ్డవాళ్ళకమ్మా. మనకు దాంతో పనిలేదు."

"ఏనుగుకి కూడా ఉండేది ఆ మీట," అన్నారు మా ఆయన వెనక్కి తిరిగి. "పదకొండేళ్ళ క్రితం విరిగింది. నాన్న దాన్ని పీకేసి, ఆ కన్నం మీద రేకు బిగించారు. నేను దానిమీద బిస్కెట్ల డబ్బా పెట్టుకునేవాణ్ణి."

"అదంటే ఏమిటో తెలియకుండానే పదకొండేళ్ళు కొండెక్కారా?"

"అవసరమేముంది? ఏనుగు కదా."

కొండదారి ఏడు కిలోమీటర్ల మట్టిరోడ్డు. సరిగ్గా పైకి చేరబోయే ముందు ఒక మలుపుంది. ఎడమకు తిరుగుతూనే దారి గోడలా లేస్తుంది, కింద కంకర చక్రాల నుంచి జారిపోతుంటుంది, బండి ముక్కు ఆకాశాన్ని చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళంతా అక్కడ "అమ్మో" అంటారు. అందుకే దాని పేరు అమ్మో మలుపు. దాన్ని ఎలా ఎక్కాలో ఈ ఇంట్లో ఒక శాసనం ఉంది. రెండో గేరు. నింపాదిగా. ఇంజనుకు రొద రానివ్వకూడదు. మామయ్య కొడుక్కి నేర్పింది అదే.

మామయ్య రెండో గేరులో నింపాదిగా మలుపులోకి తిప్పారు. ఇంజను గొంతు బొంగురుపోయింది. బండంతా దడదడలాడింది. సగం దూరం వెళ్ళాక ఆగిపోయింది.

రెండోసారి. మూడోసారి. క్లచ్ మాడిన వాసన. ఇక మా ఆయన స్టీరింగ్ తీసుకున్నారు. అచ్చు అలాగే రెండో గేరు, అచ్చు అలాగే నింపాదిగా, అచ్చు అక్కడే ఆగిపోయింది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య, తేడా ఎందుకుంటుంది? బండిని వెనక్కి నడుపుకుంటూ అర కిలోమీటరు దిగి, వెడల్పు చోట తిప్పుకుని ఇల్లు చేరాం.

మామయ్య ఎగతాళి చేయలేదు, అందుకే భయమేసింది. "బండి మంచిదేరా. ఊళ్ళో తిరగడానికి," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. "రేపో ఎల్లుండో ఇచ్చేసిరా."

మా ఆయన ఫోను తీసి ఆ ఉత్తరం మళ్ళీ చదివారు. "పదకొండో తారీకున చేరాలట," అన్నారు, నా వైపు చూడకుండా.

నేను షెడ్డులోకి వెళ్ళి బండెక్కి కూర్చున్నాను. ఏడవడానికే వెళ్ళాను, నిజం చెప్పొద్దూ. ఏడుపుకు ముందు చేతిరుమాలు కోసం డాష్‌బోర్డు అర తెరిస్తే బండితో ఇచ్చిన పుస్తకం దొరికింది. చదవడానికి ఏదైనా దొరికితే నాకు ఏడుపు రాదు. అరగంట తర్వాత మా ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. చేతిలో నారింజపండు. ఒలిచి, తొనల మీది తెల్లటి పీచు కూడా తీసి ఇస్తారాయన. ఇలాంటి మనిషిని మైదానంలో పారేసుకోవడం ఎలా?

"కొత్త పెళ్ళికూతురు చదవాల్సిన పుస్తకమేనా ఇది?"

"నూట పద్నాలుగో పేజీ మహా రంజుగా ఉందండీ. వినండి. ఈ ఇంజనుకు అసలు బలం నిమిషానికి పద్దెనిమిది వందల చుట్లు దాటితే గానీ రాదు. అప్పుడే టర్బో లోపలికి గాలి తోస్తుంది. పొద్దున వెనక సీట్లోంచి నేను ఆ చుట్లు చూపే ముల్లునే చూస్తూ కూర్చున్నాను. మామయ్య ఎక్కడా పదిహేను వందలు దాటనివ్వలేదు. మలుపులో వెయ్యి. మీరు నడిపినా వెయ్యే."

"వెయ్యి దగ్గరే కదా ఏనుగు బ్రహ్మాండంగా లాగేది."

"అది ఏనుగు. ఇది వెయ్యి దగ్గర ఇంకా నిద్రలేవదు. నిటారు దారిలో బరువుంటే ఫోర్ లో పెట్టమని ఇక్కడ రాసే ఉంది. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలకూ బలం, తక్కువ వేగం. చక్రం మెల్లగా తిరుగుతుంది, ఇంజను హుషారుగా తిరుగుతుంది. రేపు మీరు అలా నడపండి."

మా ఆయన ఒక తొన నోట్లో వేసుకుని ఆలోచించారు. నాకివ్వాల్సిన తొన అది.

"నావల్ల కాదేమో. పొద్దున నాకూ ఒకసారి అనిపించింది, కాస్త గట్టిగా తొక్కితే పోతుందని. కానీ రొద పెరగ్గానే నా పాదం దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది. ఇంజను అరిస్తే చిన్నప్పుడు నాన్న మొట్టేవారు. పాదానికి ఆ మొట్టికాయ ఇంకా గుర్తుంది." నా వైపు చూశారు. "నువ్వు నడుపు."

"నాకు లైసెన్స్ వచ్చి నాలుగు నెలలండీ."

"ఏనుగును ఎప్పుడైనా నడిపావా?"

"లేదు."

"మరి ఇంతకంటే అర్హత ఏం కావాలి?"

బుధవారం పొద్దున ఈ మాట చెబితే మామయ్య నా వైపు కొత్తరకం స్పానర్‌ను చూసినట్టు చూశారు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట. మొన్న ఈ బండినే గేటు దగ్గర రివర్స్ చేస్తూ నా నూనె డబ్బాలు పడేసింది నువ్వే కదమ్మా?"

"నేనే మామయ్యా. కానీ ఇది ముందుకెళ్ళడం కదా."

అత్తయ్య గుమ్మంలోంచే అందుకున్నారు. "వెళ్ళనివ్వండి. మీరిద్దరూ ఎక్కించలేనిది ఆ పిల్ల కూడా ఎక్కించకపోతే కొత్తగా పోయే పరువేముంది?"

మామయ్య తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

అలా స్టీరింగ్ నా చేతికొచ్చింది. మామయ్య నా పక్కన, కిటికీ పైన ఉండే పట్టీని గట్టిగా పట్టుకుని. మా ఆయన మలుపుకు ముందే దిగిపోయారు. బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి చెక్కదిమ్మ ఒకటి పట్టుకుని దారి పక్కన నిలబడ్డారు. కొండగాలికి జుట్టు లేచిపోయి, దిమ్మ చంకలో పెట్టుకుని, ఎంత ముద్దుగా ఉన్నారో. ఆ సమయంలో చూడాల్సింది అది కాదని నాకూ తెలుసు.

పుస్తకంలో ఉన్నట్టే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, మీటను ఫోర్ లోకి తిప్పాను. లోపల ఎక్కడో కటుక్కుమంది. పసుపు దీపం వెలిగింది. మొదటి గేరు. క్లచ్ వదిలి, ముల్లు రెండు వేలు దాటేదాకా తొక్కి, అక్కడే పట్టుకున్నాను.

బండి నడక వేగంతో మలుపులోకి తిరిగింది. ముక్కు లేచింది. ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఇంజను గొంతెత్తింది.

"గేరు మార్చమ్మా," అన్నారు మామయ్య.

"వద్దు మామయ్యా."

"అరుస్తోంది."

"అరవనివ్వండి."

"అమ్మాయ్, నలభై ఏళ్ళు చూశాను. అలా అరిచిన ఇంజను నా షెడ్డుకే వస్తుంది."

ఆయన గొంతులో కోపం లేదు. బాధ ఉంది. పసిపిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోవద్దని చెప్పినట్టుంది ఆయన పరిస్థితి. కుడిచేయి మోకాలి మీది నుంచి లేచి గేరు కడ్డీ వైపు వచ్చేసింది.

"చెయ్యి తీయండి మామయ్యా."

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. పెద్దవాళ్ళతో నేనెప్పుడూ అలా మాట్లాడి ఎరగను. కానీ కాలు మాత్రం కదపలేదు. కదిపితే ముల్లు పడిపోతుంది, ముల్లు పడితే బండి ఆగుతుంది, బండి ఆగితే పదకొండో తారీకు. మామయ్య చెయ్యి వేడి సైలెన్సర్‌కు తగిలినట్టు వెనక్కి వెళ్ళింది.

నిన్న ఆగిన చోటు వచ్చింది. చక్రాల కింద కంకర జారింది. బండి ఒకసారి పక్కకు ఊగి, మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంది. ముల్లు రెండు వేల మీద నిలకడగా ఉంది. నిన్నటి చోటు వెనకపడింది. పక్క అద్దంలో మా ఆయన దిమ్మ పట్టుకుని వెంట పరుగెడుతున్నారు, ఆయాసంతో నోరు తెరిచి, నవ్వుతూ. తర్వాత ముక్కు దిగింది, ముందు అద్దంలోకి కొండ, కొండమీది తెల్లటి ఆరోగ్య కేంద్రం, దాని ముందు చేయి అడ్డంపెట్టుకుని చూస్తున్న నర్సు, అన్నీ ఒకేసారి వచ్చాయి.

"కోడలుపిల్లను డ్రైవర్‌గా పెట్టుకున్నారా?" అని అడిగింది నర్సు మామయ్యను.

"నేను పెట్టుకోలేదమ్మా. తనే పెట్టుకుంది," అన్నారు మామయ్య.

దిగీ దిగగానే ఆయన బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నారు. వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది. నూనె కారలేదు, పొగ లేదు. చాలాసేపు విని "ఊఁ" అన్నారు. ఆ ఊఁ ఏ రకమో నాకు అర్థం కాలేదు. తండ్రి మెచ్చుకోలు ఎలా ఉంటుందో తెలిసిన మా ఆయన కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

కొత్త బ్యాటరీలు దించి, పాతవి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. పాతవీ అంతే బరువు. ఇప్పుడు మా ఆయన వెనక సీట్లో, మామయ్య పక్క సీట్లో. నేను మహారాణిలా స్టీరింగ్ ముందు కూర్చుని, మీటను ఫోర్ లో నుంచి మామూలు స్థానానికి తిప్పేశాను. మామయ్య చెయ్యి చాచి తాళంచెవి తిప్పి, తీసి, జేబులో వేసుకున్నారు.

"ఎందుకు మార్చావు?"

"దిగడమే కదా మామయ్యా. దిగడానికి బలమెందుకు?"

"ఎక్కడానికి బలం కావాలి. దిగడానికి పట్టు కావాలి. యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే బండిని వెనక్కి లాగి పట్టేది ఇంజనేనమ్మా. ఏనుగుకు మూడు లీటర్ల పొట్ట, ఏ గేరులో ఉన్నా పట్టుకునేది. దీని పొట్టెంత? అమ్మో మలుపులోనే బ్రేకులు కాలడం మొదలవుతుంది, మూడో మలుపుకు మనం అమ్మో అనడానికి కూడా టైముండదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఇది నీ పుస్తకంలో లేదా?"

ఉంది. ఇంటికొచ్చాక చూశాను. నూట పదిహేనో పేజీ. నేను ఆ పేజీ తిప్పనే లేదు, నూట పద్నాలుగు చదివిన సంబరంలో.

మీటను మళ్ళీ ఫోర్ లోకి తిప్పాక మామయ్య తాళంచెవి ఇచ్చారు. మొదటి గేరులో, పాదం గాల్లో పెట్టి దిగాం. బండి చాలామటుకు తనను తానే పట్టుకుంది. అమ్మో మలుపులో మాత్రం వెనకనున్న బరువు మమ్మల్ని ముందుకు తోసింది. నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది.

"బిగించకు. నొక్కి వదులు. మళ్ళీ నొక్కు, వదులు. ఆఁ, అంతే. దారి చూడు, లోయ చూడకు. లోయ ఎక్కడికీ పోదు."

ఆయన గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, నా కాలు నా మాట వినకపోయినా ఆయన మాట వింది. ఇంజను మళ్ళీ గొంతెత్తింది. ఈసారి మామయ్య చెయ్యి మోకాలి మీది నుంచి లేవలేదు.

ఇంటికి వచ్చాక ఆయన షెడ్డు గోడకు ఆనుకుని చాలాసేపు బండిని చూశారు. మేము ముగ్గురం ఆయన్ను చూశాం. అత్తయ్య టీ తెచ్చారు. ఒక కప్పు తాగి ఆయన ఖాళీ కప్పు తిరిగి ఇచ్చారు.

"ఉంచుదాం," అన్నారు.

బండి దగ్గరికి వెళ్ళి దాని వెనక భాగం మీద తట్టారు.

"ఎనిమిది బ్యాటరీలకు మాత్రం సరిపోతుంది. ఏనుగు పది మోసేది, ఇది మొయ్యదు. తొమ్మిదోది ఎక్కించారో, నేనే దించేస్తా. పది కావాలంటే రెండుసార్లు వెళ్ళండి. డీజిల్ తక్కువ తాగుతుందిగా, రెండుసార్లు వెళ్ళినా దానికంత తేడా రాదు." మా ఆయన వైపు తిరిగారు. "ఇంకోటి. ఈ కొండమీద ఈ బండిని నువ్వు నడపడానికి వీల్లేదు."

"నాన్నా?"

"నీకు నేను నేర్పింది ఏనుగును. అది మర్చిపోయేదాకా స్టీరింగ్ అమ్మాయిది. ఎక్కడం అమ్మాయి నేర్పుతుంది. దిగడం ఇద్దరికీ నేను నేర్పుతా."

మా ఆయన అక్కడే, షెడ్డులో నిలబడే కంపెనీకి ఫోన్ చేశారు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. "రాలేనండీ. లేదండీ, జీతం గురించి కాదు. మా ఆవిడ దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవాల్సి ఉంది," అన్నారు. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, "అవునండీ, నిజంగానే," అని ఇంకోసారి చెప్పారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పొద్దు ఇంకా ఉంది. బరువులన్నీ దించేసి, మా ఆయనను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, షెడ్డు వెనకనున్న మిట్ట మీదికి మొదటి పాఠం మొదలుపెట్టాను. ఫోర్ లో. మొదటి గేరు. ఇంజను గొంతెత్తగానే గేరు మార్చేద్దామని ఆయన ఎడమపాదం క్లచ్ వైపు బయల్దేరింది. నేను మోకాలి మీద చెయ్యి వేసి నొక్కిపట్టాను. పాదం ఆగింది. బండి ఆగలేదు.

"ఇలా చెయ్యి వేసి ఉంచితే నాకెప్పటికీ రాదు," అన్నారు.

"నాకేం తొందర లేదు," అన్నాను.